ఇంటిపేరు పులి అయితే?

గుళ్లో అర్చన దగ్గర పూజారి గారు "గోత్రం?" అనగానే మనలో సగం మంది అమ్మకి ఫోన్ కొడతాం. నవ్వుకునే విషయమే గానీ, దాని వెనక ఒక ప్రశ్న ఉంది. పేరు మనకి గుర్తింపు మాత్రమే ఇస్తుందా, బాధ్యత కూడా ఇస్తుందా?

అరకు వైపు వెళ్తే కొర్రా, కిల్లో, పాంగి, వంతల, గొల్లోరి అనే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మనలో చాలామందికి ఉన్నట్టు ఇవి ఊరి పేర్లు కావు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో పులి, పాంగి గద్ద, వంతల పాము, గొల్లోరి కోతి. కొండదొరలైనా పోర్జాలైనా, తెగ వేరైనా ఈ పేర్లు కలుస్తాయి. ఒకే వంశం వాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, పెళ్లి కుదరదు. మన సగోత్రం లాంటిదే. కాకపోతే మన గోత్రం ఋషిని తలుచుకుంటుంది, వీళ్లది అడవిని తలుచుకుంటుంది. ఆ ప్రాణి చుట్టం కాబట్టి దాన్ని చంపకూడదు. (కొర్రా వాళ్లకి ఆ ఇబ్బంది లేదు, సూర్యుణ్ని ఎవరేం చేయగలరు!)

నేను రాసే కోడ్‌లో లాస్ట్ నేమ్ ఒక మాండేటరీ ఫీల్డ్, అంతే. అందులో 'కిల్లో' అని కొట్టిన మనిషికి పులితో చుట్టరికం ఉందని డేటాబేస్‌కి ఏం తెలుసు?

అసలు చిక్కు పిల్లల పేర్ల దగ్గర వస్తుంది. పెద్దవాళ్లలో సోంబారి, మంగ్లి, సుక్రి లాంటి పేర్లు పుట్టిన వారాన్ని బట్టి పెట్టినవే. అరకులో మేం దిగిన హోమ్‌స్టే కుర్రాడి నానమ్మ సుక్రి, చెల్లెలు అక్షిత. "సుక్రి అంటే హాస్టల్లో నవ్వుతారండీ" అన్నాడు. నవ్వేది ఎవరు? మనలాంటివాళ్లమే. శుక్రవారం పుట్టిన పిల్లకి లక్ష్మి అని పెడితే భక్తి, సుక్రి అంటే మోటా? పేరు మార్చుకోవడం వాళ్లిష్టం. సంప్రదాయం కాపాడే బరువంతా వాళ్ల నెత్తిన పెట్టి, మనం మాత్రం గూగుల్‌లో వెతికి పేర్లు పెట్టుకోవడం న్యాయం కాదు. అయితే ఇష్టంతో మార్చుకోవడం వేరు, సిగ్గుపడి మార్చుకోవడం వేరు. ఆ సిగ్గు వాళ్లకి పుట్టుకతో రాలేదు, మన నవ్వు నుంచే వచ్చింది.

2022లో ఈ కొండలకి అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరొచ్చింది. సంతోషమే. కానీ 1922లో ఆయన వెంట నడిచిన గంటం దొర, మల్లు దొరల ఇంటిపేరు 'గాం' అని మనలో ఎంతమందికి తెలుసు? ఆ మల్లు దొర 1952లో లోక్‌సభకి కూడా వెళ్లాడు.

ఇంతకీ ఆ కుర్రాడి ఇంటిపేరు వంతల. పెరట్లో పాము కనిపిస్తే ఇప్పటికీ వాళ్లింట్లో ఎవరూ కర్ర తీయరట. దారి ఇచ్చి పక్కన నిలబడతారట.