ముందు ముద్ద

"ముందు దాని మనసు కుదుటపడనివ్వండి మేడమ్, ఆ తర్వాత అదే తింటుంది." నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అనే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అనొరెక్సియా (తిండికి దూరంచేసే మానసిక జబ్బు) నుంచి కోలుకుంటున్న వాళ్ళ పక్కన కూర్చుని పనిచేసే డైటీషియన్‌గా నేను నమ్మేది దీనికి తలకిందులు. కడుపులో తిండి పడకుండా మనసు కుదుటపడదు. సైకియాట్రిస్టు ఎంత ఓపికగా మాట్లాడినా ఆ మాటలు లోపలికి దిగాలంటే ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్ళంతా మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధంలో ఆయుధం పట్టబోమన్నవాళ్ళు. యుద్ధంలో పస్తులతో చిక్కిపోయిన జనానికి మళ్ళీ ఎలా తిండి పెట్టి నిలబెట్టాలో తెలుసుకోవడానికి తమ శరీరాలు అప్పగించారు. ఒంట్లో, మనసులో ఏ లోపమూ లేదని చూసి మరీ వాళ్ళను ఎంచుకున్నారు. దాదాపు ఆరు నెలలపాటు వాళ్ళకు మామూలు తిండిలో సగం మాత్రమే పెట్టారు. (ఆ కేలరీల అంకె నాకు తెలుసు, రాయను. దాన్ని పట్టుకుని తన పళ్ళెం కొలుచుకునే పిల్ల ఈ పేజీ చదువుతూ ఉండొచ్చు.) ఆ యువకులు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. రోజంతా తిండి ధ్యాసే. పళ్ళెంలో ఉన్న కాస్త తిండినీ గంటలకొద్దీ కొంచెం కొంచెంగా తిన్నారు. చిరాకు, దిగులు, మనుషులంటే విముఖత. సన్నబడాలన్న కోరిక వాళ్ళలో ఎవరికీ లేదు, అయినా నేను రోజూ చూసే లక్షణాలు ఎన్నో వాళ్ళలో కనిపించాయి. ఈ జబ్బు మొదలవడానికి ఎన్నో దారులుంటాయి: పుట్టుకతో వచ్చిన స్వభావం, ఏదో దుఃఖం, ఎవరో అన్న మాట, సరదాగా మొదలెట్టిన డైటింగ్. ఒకసారి మొదలయ్యాక మాత్రం దాన్ని నడిపించేది చాలావరకు ఆకలే. ఇంట్లోవాళ్ళు మొండితనం అని పిలిచేదాంట్లో పెద్ద వాటా దానిదే.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును 15 రోజులు అన్నం మానేసి నీళ్ళు మాత్రం తాగమంటాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్క ముక్క గుర్తురాదు. తిని వచ్చాక అడిగినదల్లా చెబుతాడు. మనసు అన్నంతోనే నిలుస్తుందని అలా నేర్పాడు తండ్రి. నాకెంతో ఇష్టమైన ఈ కథను నా దగ్గరికొచ్చే వాళ్ళకు మాత్రం చెప్పను. వాళ్ళ చెవికి 15 రోజులన్నదే వినబడుతుంది.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. ఎదిగిన మనిషి వద్దంటుంటే తినమని చెప్పే హక్కు నాకెక్కడిది? ఆ వద్దు అనేది జబ్బు మాట, ఆమెది కాదు అనేస్తే నాకు సులువే. కానీ అలా అంటే ఆమెకంటూ నోరే లేకుండా చేసినట్టవుతుంది. అందుకే ఆ మాటతో వాదించను, అది మారేదాకా ఆగను కూడా. ఇష్టం లేకుండానే తినొచ్చు అంటాను. ఇష్టం తీరిగ్గా వస్తుంది.

డిగ్రీ చదివే ఒకమ్మాయి వాళ్ళమ్మ కట్టిచ్చిన పెరుగన్నం డబ్బాతో వచ్చేది. ముందు తాలింపంతా వేరుచేసేది, నూనె తగిలిందని. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు ఒక్కొక్కటే ఏరి డబ్బా మూతలో వరసగా పెట్టేది. తర్వాత చింతగింజంత ముద్ద. అది నోటిదాకా వెళ్ళి ఆగిపోయేది. నేనూ అదే డబ్బాలోంచి పెట్టుకుని, తాలింపుతో సహా, ఎదురుగా కూర్చుని తినేదాన్ని. కాలేజీలో నీళ్ళు రాని సంగతి, కొత్త సినిమా సంగతి మాట్లాడుకునేవాళ్ళం. అన్నం సంగతి ఎత్తేవాళ్ళం కాదు. తిన్న తర్వాతి అరగంట తినడంకన్నా కష్టం. కక్కేయాలని, లేచి గబగబా నడవాలని ఒళ్ళంతా పీకుతుంది. ఆ అరగంటా పక్కనే ఉండేదాన్ని. నా చదువులో నేర్చుకున్న లెక్కలకన్నా ఇలా కూర్చోవడమే ఎక్కువ పనికొచ్చిందని గట్టిగా చెప్పగలను.

లెక్కలు అక్కర్లేదని కాదు. ఆకలికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. "నా దగ్గర నాలుగు రోజులు వదలండి, నేను తినిపిస్తా" అనే అమ్మమ్మల ప్రేమను అందుకే మొదట్లో ఆపాల్సి వస్తుంది. రక్తపరీక్షలు, థయమిన్ అనే విటమిన్, తిండిని మెట్టుమెట్టుగా పెంచడం. మూడు పూటలా భోజనం, మధ్యమధ్యలో చిరుతిండి, మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. బులీమియా (ఆపుకోలేక తినేసి, ఆ తర్వాత కక్కేసో పస్తుండో దాన్ని పోగొట్టుకోవాలనుకునే జబ్బు) ఉన్నవాళ్ళకూ ఇదే భోజన క్రమం. పగలంతా పస్తుండి రాత్రి ఆపుకోలేక తిన్న కుర్రాడు తనకు నిగ్రహం లేదని కుమిలిపోతుంటాడు. అతనికి నిగ్రహం మరీ ఎక్కువైంది. పొద్దున టిఫిన్ తినడం అతనికి మందు. అవును, మగపిల్లలూ వస్తారు. చూడ్డానికి ఏ తేడా లేని, మామూలు బరువున్న వాళ్ళూ వస్తారు.

కార్తీకమాసం అంటే నాకు భయం. సోమవారం ఉపవాసం అంటే ఇంట్లో ఎవరూ కాదనలేరు, జబ్బుకు అంతకన్నా మంచి చాటు దొరకదు. దీపం పెట్టమంటాను, పస్తు వద్దంటాను. ఆ మాట ఇంటి పెద్దావిడ నోటితో చెప్పిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

అంతకన్నా భయం పెళ్ళిళ్ళు. నెలల తరబడి పడ్డ కష్టమంతా "ఒళ్ళు చేశావే, ఇప్పుడు బాగున్నావు" అన్న ఒక్క పలకరింపుతో వెనక్కి పోతుంది. అన్న పిన్నికి ప్రేమే ఉంటుంది. విన్న పిల్లకు మొదటి రెండు మాటలే మిగులుతాయి, మర్నాటి టిఫిన్ ఆగిపోతుంది. ఆ పిన్నులందరికీ నా మనవి ఇదే. చదువు సంగతి అడగండి, ఫ్రెండ్స్ సంగతి అడగండి. పంక్తిలో పక్కనే కూర్చుని మీ భోజనం మీరు కానివ్వండి. ఆమె విస్తట్లోకి మాత్రం చూడకండి.