సందేహం నిన్నటి మీదే

2014 మార్చి 29న మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం మీద ఒక చిన్న విమానం ఎగిరింది. దాని వెనక వేలాడుతున్న బ్యానర్ మీద, ఎంచుకున్నది తప్పుడు మనిషిని, మోయెస్ దిగిపోవాలి అనే అర్థం వచ్చే మాటలున్నాయి. డబ్బులు పోగుచేసి దాన్ని ఎగరేయించింది పరాయి జట్టువాళ్లు కాదు, మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులే కొందరు. వాళ్ల కోపానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. ముందటేడు 89 పాయింట్లతో లీగ్ గెలిచిన జట్టు ఆ మార్చిలోనే సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో 3-0తో, మాంచెస్టర్ సిటీ చేతిలో మళ్లీ 3-0తో ఓడింది. అయినా స్టాండ్లలో కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ విమానాన్ని చూసి గేలి చేశారు. మేనేజర్ డేవిడ్ మోయెస్ మైదానంలోకి రాగానే చప్పట్లు కొట్టారు. ఆస్టన్ విల్లాతో ఆ రోజు మ్యాచ్ 4-1తో గెలిచారు కూడా. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 22న, క్లబ్ ఆయన్ని తీసేసింది. ఆరేళ్లకని రాసుకున్న కాంట్రాక్ట్ పది నెలలకే చెల్లిపోయింది. జట్టు 64 పాయింట్లతో ఏడో స్థానంలో సీజన్ ముగించింది.

విమానం చెప్పిన మాట అంత అబద్ధమేమీ కాదు, మరి గేలి చేయడం దేనికి? మామూలుగా వినిపించే సమాధానం విధేయత. 2013 మేలో అదే మైదానంలో వీడ్కోలు చెబుతూ పాత మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్, తన గడ్డు రోజుల్లో అండగా నిలిచినట్టే కొత్త మేనేజర్‌కీ నిలవమని అడిగాడు. వాళ్లు ఆ మాట పట్టుకున్నారు. ఈ సమాధానం తప్పనను, చాలదంటాను. పెద్ద మేనేజర్ ఒకాయన వెళ్లిపోయినప్పుడు అభిమానిని పట్టుకునే సందేహం రేపటి గురించినట్టు పైకి కనిపిస్తుంది. కొత్తవాడు గెలిపిస్తాడా, ఎవర్ని కొంటాడు, ఎన్నాళ్లు పడుతుంది లాంటివే నోటికి వచ్చే ప్రశ్నలు. లోపల తొలిచేది వేరే ప్రశ్న. ఇన్నాళ్లూ గెలిచింది మనమా, ఆయనా? ఆయన ఉన్నంతకాలం ఈ ప్రశ్నకు సమాధానం దొరికే దారి లేదు, అవసరమూ లేదు. మనిషీ క్లబ్బూ ఒకటిగా కలిసిపోయి ఉంటారు, ట్రోఫీ మీద ఎవరి వాటా ఎంతో ఎవరూ కొలవరు. ఆయన గేటు దాటిన రోజున కొలత మొదలవుతుంది. కొలిచేది కొత్తవాడి ఆటతోనే అయినా, తేలేది పాత లెక్క.

క్రికెట్‌కు అలవాటుపడ్డ మన కళ్లకు ఈ బెంగ కొంచెం అతిగా తోచవచ్చు. మన ఆటలో కోచ్ మారితే లోపలి పేజీలో వార్త, కెప్టెన్ మారితే మొదటి పేజీలో వార్త. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ ఆ ఇద్దరి పనీ చేసేవాడు. ఫెర్గూసన్ తరంలోనైతే ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఏ పదహారేళ్ల కుర్రాడికి చోటివ్వాలి అన్నదీ ఆయన చేతిలోనే ఉండేది. 1986 నవంబరులో వచ్చి 2013లో దిగిపోయేలోపు ఆయన తెచ్చిన ట్రోఫీలు 38, అందులో లీగ్ టైటిళ్లు 13. క్లబ్ చరిత్ర మొత్తంలో లీగ్ టైటిళ్లు 20. మిగిలిన ఏడింటిలో అయిదు ఇంకో మేనేజర్ మాట్ బస్బీవి. అంటే 1878లో పుట్టిన క్లబ్బులో ఇద్దరు మనుషుల్ని పక్కన పెడితే చేతిలో ఉండేవి 1908, 1911 నాటి రెండే టైటిళ్లు. ఈ లెక్క ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వచ్చే ఏ పెద్దాయనకైనా కంఠతా వచ్చు. బస్బీ 1968లో యూరోపియన్ కప్ గెలిచి మరుసటేడు తప్పుకున్నాక, 1974కల్లా జట్టు రెండో డివిజన్‌కు జారిపోయింది. 1967లో గెలిచిన లీగ్‌ను మళ్లీ గెలవడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే 2014లో విమానం ఎగరేసినవాళ్లూ, దాన్ని గేలి చేసినవాళ్లూ నా దృష్టిలో ప్రత్యర్థులు కారు. మన క్లబ్ గొప్పదే, ఈయనే చెడగొడుతున్నాడని ఒకరు. మన క్లబ్ గొప్పదే, ఈ ఒక్క ఏడాదికి కంగారెందుకని మరొకరు. ఇద్దరూ కాపలా కాస్తున్నది ఒకే నమ్మకాన్ని. ఆ గొప్పతనం వెళ్లిపోయిన మనిషితోపాటే వెళ్లిపోయిందేమో అన్న మూడో మాటను ఇద్దరూ నోట్లోంచి రానివ్వలేదు.

అన్నిచోట్లా కథ ఇలాగే నడుస్తుందా? లివర్‌పూల్‌లో నడవలేదు. 1974 జూలైలో బిల్ షాంక్లీ ఉన్నట్టుండి రాజీనామా చేసినప్పుడు ఆ ఊరు నమ్మలేకపోయింది. రెండో డివిజన్‌లో పడి ఉన్న జట్టును పైకి తెచ్చి మూడు లీగ్ టైటిళ్లు గెలిపించిన మనిషి ఆయన. మర్రిచెట్టు నీడన మరో మొక్క ఎదగదంటారు గాని లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆ మాట చెల్లలేదు. ఆయన పక్కనే ఏళ్ల తరబడి పనిచేసిన బాబ్ పైస్లీ, ఆ పదవి తనకెందుకని వెనకాడుతూనే కుర్చీ ఎక్కి, తొమ్మిదేళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. దీని వెనక మంత్రమేమీ లేదు. స్టేడియంలో బూట్లు పెట్టుకునే చిన్న గది ఒకటుండేది. మ్యాచ్ అయ్యాక శిక్షకులంతా అక్కడ చేరి ఎవరు అలిసిపోయారు, ఎవరు బాగుపడుతున్నారు, వచ్చే శనివారం ఏం చేయాలి అని మాట్లాడుకునేవాళ్లు. షాంక్లీ బయటికి వెళ్లాడు గాని ఆ గది వెళ్లలేదు. పైస్లీ తర్వాత వచ్చిన జో ఫేగన్ కూడా ఆ గది మనిషే, మొదటి ఏడాదే మూడు కప్పులు తెచ్చాడు. పాపం షాంక్లీకే ఈ విజయం కొంత చేదు మిగిల్చింది. రాజీనామా చేశాక కూడా శిక్షణ మైదానానికి వస్తూ ఉండేవాడు, ఆటగాళ్లు అలవాటుకొద్దీ ఆయన్నే బాస్ అని పిలిచేవాళ్లు. అది కొత్త మేనేజర్‌కు ఇరకాటం కావడంతో ఆ రాకపోకలకు తెరపడింది. తాను లేకుండా నడిచే క్లబ్బును నిర్మించినవాడికి, అది నిజంగానే తాను లేకుండా నడవడం కంటి ముందే కనబడింది.

ఇదే ఊళ్లో యాభై ఏళ్ల తర్వాత ఆ ప్రశ్న మళ్లీ లేచింది. 2024 జనవరి 26న లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్, సీజన్ చివర వెళ్లిపోతానని ప్రకటించాడు. మేలో ఆఖరి మ్యాచ్ అయ్యాక మైకు పట్టుకుని, రాబోయే ఆర్నె స్లాట్ పేరును పాటలా పాడి జనంతోనూ పాడించాడు. చూడ్డానికి సరదాగా ఉన్నా తెలివైన పని అది. జనం పెట్టుకున్న ఆశను తన చేత్తోనే ఇంకొకరికి అప్పగించాడు. స్లాట్ వచ్చిన వేసవిలో ఆ సీజన్‌కు పనికొచ్చేలా కొన్నది ఫెదెరికో కియేసా ఒక్కణ్నే, అతను లీగ్‌లో ఆడిందీ అరకొరే. అదే జట్టు 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి, ఇంకా నాలుగు మ్యాచులుండగానే టైటిల్ అందుకుంది. అప్పుడు వినిపించిన మాట, ఇది క్లాప్ కట్టిన జట్టే కదా అని. ఆ వేసవి క్లబ్ 40 కోట్ల పౌండ్లకు పైగా పోసి కొత్తవాళ్లను తెచ్చింది. నవంబరులో సొంత మైదానంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 3-0తో, నాలుగు రోజులకే పీఎస్‌వీ చేతిలో 4-1తో ఓడింది. అప్పుడు వినిపించిన మాట, ఇప్పుడు బయటపడింది స్లాట్ అసలు సంగతి అని. గెలుపు వెనక్కి వెళ్లి పాతవాడి ఖాతాలో పడింది, ఓటమి కొత్తవాడి ఖాతాలో. ఈ లెక్కలో న్యాయం లేదు. పైగా ఆ ఏడాది జూలై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో జట్టు ఆటగాడు డియోగో జోటా పోయాడు. అలాంటి దెబ్బ తిన్న డ్రెస్సింగ్ రూమ్‌లో ఓటమికి ఎంతమేర ఎవరు కారణమో తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. అభిమాని కోరుకునే ప్రయోగం శుభ్రంగా జరిగే అవకాశం ఎన్నడూ ఉండదని దీన్నిబట్టి అర్థమవుతుంది. యునైటెడ్‌లోనూ ఫెర్గూసన్‌తోపాటే ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ గిల్ వెళ్లిపోయాడు, రక్షణ వరుసకు వయసు మీదపడింది, పాల్ స్కోల్స్ ఆట మానేశాడు. ఒక్క మార్పుకు ఒక్క ఫలితం అని గీత గీయలేం. అయితే అన్నిటినీ ఒకచోట పట్టి ఉంచడమే పోయిన మనిషి చేసిన పనేమో కూడా. అదీ తేలదు.

గణాంకాలవాళ్ల అభ్యంతరం ఇంకా గట్టిది. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ తమ ‘సాకర్‌నామిక్స్’ పుస్తకంలో, లీగ్‌లో ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందన్నది చాలామటుకు అది ఆటగాళ్లకిచ్చే జీతాలే తేలుస్తాయని వాదించారు. నెదర్లాండ్స్‌లో ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ 1986 నుంచి 2004 దాకా అక్కడి లీగ్‌ను పరిశీలించి, మేనేజర్‌ను మార్చినందువల్ల ఆట మెరుగుపడదని తేల్చాడు. వరసగా ఓడుతున్నప్పుడు తీసేస్తారు, ఆ తర్వాత ఎలాగూ కాస్త కోలుకునేదే, ఆ కోలుకోవడాన్ని కొత్తవాడి ఘనతగా లెక్కేస్తాం అన్నమాట. మరి మేనేజర్ పోతే ఇంత గుండె బాదుకోవడం ఎందుకు? దీనికి నా జవాబు రెండు ముక్కలు. ఆ లెక్కలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఓటముల మధ్య గెంటివేతకు గురైనవాళ్లు. ఫెర్గూసన్, షాంక్లీ, క్లాప్ తమంతట తాము, పరువుగా వెళ్లినవాళ్లు. పడిపోతున్నచోట మార్పు చేయడం, నిలబడి ఉన్నచోట మార్పు రావడం ఒకటి కావు. జీతాల బిల్లులో ఇంగ్లండ్ మొత్తమ్మీద పైవరసలో ఉండి కూడా యునైటెడ్ ఆ ఏడాది ఏడో స్థానానికి పడిందంటే జీతాల సూత్రానికి అందనిదేదో ఆ గేటు దాటి వెళ్లినట్టే. రెండో ముక్క నాకు మరీ ముఖ్యం. జీతాలే అన్నీ తేలుస్తాయని ఒప్పుకున్నా అభిమాని ప్రశ్న చచ్చిపోదు, ఇంకా పదునెక్కుతుంది. గెలిచింది మనమూ కాదు, ఆయనా కాదు, బ్యాంకు ఖాతా అని తేలుతుంది.

టైమివ్వాలి అన్నది ఆశావాదుల అచ్చొచ్చిన వాదం. ఫెర్గూసన్‌కూ మొదట్లో పదకొండో స్థానాలూ పదమూడో స్థానమూ దక్కాయి కదా, 1989 చివర్లో ఆయన్నీ పొమ్మంటూ బ్యానర్ పట్టారు కదా, 1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ కొట్టిన గోల్ లేకపోతే ఏమయ్యేదో అంటారు. నిజమే. కానీ టైమిచ్చినా ఏమీ చేయలేకపోయినవాళ్ల పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఈ వాదానికి బలమంతా ఆ మరపులోంచే వస్తుంది. అర్సెనల్‌లో 22 ఏళ్ల ఆర్సెన్ వెంగర్ తర్వాత ఉనై ఎమెరీ ఏడాదిన్నరకే ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన మికెల్ ఆర్టెటా రెండుసార్లు ఎనిమిదో స్థానంలో ముగించి కూడా నిలిచి, జట్టును వరసగా మూడేళ్లు రెండో స్థానానికి తెచ్చాడు. ఓపిక పడితే ఫలిస్తుందనో ఫలించదనో ఇందులోంచి సూత్రం లాగడం నాకు చేతకాదు.

మనుషులా క్లబ్బా అన్న ప్రశ్నకు మన హైదరాబాద్ ఇచ్చిన జవాబులు ఇంగ్లండ్ జవాబుల కంటే కఠినంగా ఉన్నాయి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్, ఆ జట్టుకు 1950-54 మధ్య వరసగా అయిదు రోవర్స్ కప్పులు అందించారు. దేశ జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆయన శిక్షణలోనే. 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. భారత పురుషుల జట్టు ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మరో స్వర్ణం చూడలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లగా పేపర్లోంచి, ఊరి మాటల్లోంచి తప్పుకుంది. రెండో జవాబు నిన్నమొన్నటిది. 2019లో పుట్టి మొదటి సీజన్‌లోనే అట్టడుగున నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీని స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ చేతిలోకి తీసుకుని, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్‌ను చేశాడు. ఆ రాత్రి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2023లో మనోలో గోవా క్లబ్బుకు వెళ్లిపోయాడు. తర్వాతి సీజన్‌లో జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచి మళ్లీ అడుగుకు చేరింది.

మనోలో వెళ్లాడు కాబట్టి కూలిందని చెప్పడం సులువు. కానీ అదే కాలంలో జీతాలు ఆగాయి, బాకీలు పెరిగాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, ఉన్న మంచివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ స్థితిలో మనోలో ఉండి ఉంటే మాత్రం ఏం చేసేవాడు? 2025లో యాజమాన్యం క్లబ్బునే ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేసింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలు వేసుకుని కూర్చున్నవాళ్లు ఆయనా, మనమా అని తేల్చుకునేలోపే అడగడానికి మనం అన్నదే లేకుండా పోయింది. మాంచెస్టర్‌లో జట్టు 2024-25లో 42 పాయింట్లతో పదిహేనో స్థానానికి పడినా, ఫెర్గూసన్ వెళ్లి పుష్కరం దాటినా, ప్రతి కొత్త మేనేజర్‌తో ఆ పాత తగవు మళ్లీ మొదటికొస్తుంది. ఓడినప్పుడల్లా టీవీ కెమెరా స్టాండ్లలో కూర్చున్న ఆ ముసలాయన మొహం వెతుక్కుంటుంది. వాళ్లకు తిట్టుకోవడానికైనా ఒక మేనేజర్ ఉన్నాడు. గచ్చిబౌలి అభిమానికి ఆ పాటి వసతి కూడా లేదు.