తుప్పుమీద క్రొత్త రబ్బరు

ధ్యానభాగములు: యిర్మీయా 6:14, మత్తయి 5:23, 24, లూకా 19:1-10



మన ప్రభువు పాత వస్త్రమును, ద్రాక్షారసపు తిత్తిని, దీపమును, తలుపును చూపి పరలోక సంగతులను బోధించెను. ఈ మాసము మేము మీ యెదుట ఉంచునది ఒక పాత బండి తలుపు అంచు.

జర్మనీ దేశమున ఫోక్స్‌వ్యాగన్ వారు 1950లో టైప్ 2 అను వ్యానును చేయ నారంభించిరి. వెస్ట్‌ఫాలియా అను సంస్థవారు 1951 మొదలుకొని అట్టి వ్యానులలో పడకయు బల్లయు అమర్చి, ప్రయాణికులకు చిన్న యిల్లువలె సిద్ధపరచిరి. 1967లో వచ్చిన రెండవ తరము వ్యానునకు ప్రక్కన జారుడు తలుపుండెను. అది జర్మనీలో 1979 వరకు తయారయ్యెను. ఆ దేశములలో అనేకులు ఆ పాత బండ్లను నేటికిని ప్రేమతో కాపాడుకొనుచున్నారు. వాటికి గొప్ప శత్రువు తుప్పు. అది ప్రవేశించు మార్గములలో ఒకటి తలుపు చుట్టు నుండు రబ్బరు పట్టీ. మన మెకానిక్కులు దానిని బీడింగు అందురు.

రబ్బరు మెత్తగా నున్నంతకాలము తలుపు మూసినప్పుడు అణగి, సందును పూడ్చును. ఎండకును గాలికిని ఏండ్ల తరబడి అది గట్టిపడి, పగిలి, అణగిన చోట తిరిగి లేవదు. అప్పుడు వాననీరు సన్నగా దిగి, మెట్టు క్రిందను నేల క్రిందను నిలుచును. బయట రంగు బుడగలెత్తు నాటికి లోపలి ఇనుము చాలవరకు తినివేయబడి యుండును.

అప్పుడు యజమానుడు క్రొత్త పట్టీని తెచ్చును. అతనికి కలుగు శోధన యేమి? పాత జిగురుమీదనే, తుప్పుమీదనే దానిని అంటించుట! అది ఒక పూటలో ముగియును. చూచుటకు చక్కగా నుండును. అయితే రాలిపోవు తుప్పును పట్టుకొన్న జిగురు ఎంతకాలము నిలుచును? నిలిచినను ఏమి మేలు? దాని క్రింద తుప్పు మరుగుగా తన పని చేసికొనుచునే యుండును.

సహోదరులారా, సంఘములో సమాధానము ఈలాగు చేయబడుట లేదా? ఒకడు తన సహోదరుని పొలము గట్టు రెండు మూరలు జరిపెను అనుకొనుడి. రెండు ఇండ్ల మధ్య మాటలు నిలిచిపోయెను. ప్రభువు బల్ల ఆదివారము సమీపించెను. పెద్దలు ఇద్దరిని పిలిచి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపివేసిరి. గట్టు మాత్రము జరిపిన చోటనే యున్నది! నష్టపడిన వానితో, "నీవు విశ్వాసివి, క్షమింపవలెను" అని చెప్పుదురు. నష్టపరచిన వానితో ఏమియు చెప్పరు. ప్రజల గాయమును పైపైన కట్టి, సమాధానము లేనిచోట సమాధానమని పలికిన నాయకులను యిర్మీయా ద్వారా దేవుడు గద్దించెను. ఆ గద్దింపు కాపరులమైన మాకును పెద్దలకును మొదట చెందును.

మంచి పనివాడు ఏమి చేయును? పాత పట్టీని పూర్తిగా లాగివేయును. ఎండిన జిగురును గీకివేయును. తుప్పును మెరయు ఇనుము కనబడువరకు రుద్దును. చిల్లిపడిన చోట క్రొత్త రేకు అతుకును. రంగు వేసి ఆరనిచ్చును. అటుపిమ్మటనే పట్టీ. జక్కయ్య ఇట్టి పనివాడు. ప్రభువు తన యింట అడుగుపెట్టిన దినముననే అతడు తన ఆస్తిలో సగము బీదలకు ఇత్తుననియు, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతుననియు చెప్పెను. రక్షణను కొనుటకు కాదు. రక్షణ వచ్చినందున తుప్పు గీకబడెను.

మరి రెండు సంగతులు గమనించుడి. పట్టీని సాగదీసి అంటింపరాదు. సాగినది మరల కుంచించుకొని మూలలయందు సందు విడుచును. అట్లే బలవంతముగా లాగబడిన క్షమాపణయు వెనుకకు పోవును. గాయపడిన హృదయమునకు వ్యవధి నియ్యుడి. మరియు క్రొత్త పట్టీ వేసిన తలుపు మొదట బిగువుగా నుండి సులభముగా మూతపడదు. దినములు గడచిన కొలది రబ్బరు కుదురుకొనును. నిజముగా సమాధానపడిన ఇద్దరికిని మొదటి పలకరింపులు కష్టముగనే యుండును. దానిని చూచి అధైర్యపడవద్దు.

పని ముగిసిన పిమ్మట యజమానుడు తలుపు సందున కాగితపు ముక్క నుంచి మూసి, లాగి చూచును. అది వదులుగా వచ్చిన చోట పట్టీ ఆనలేదు. తరువాత నీళ్లు పోసి పరీక్షించును. మన సమాధానమునకును వానకాలము వచ్చును. పెండ్లి పిలుపులో, కాలువ నీటి వంతులో అది పరీక్షింపబడును.

కాబట్టి వచ్చు ప్రభువు బల్లకు ముందు మనలో ప్రతివాడును తన్ను అడిగికొనవలెను: నేను జరిపిన గట్టు ఏది? తిరిగి ఇయ్యవలసిన సొమ్ము ఏది? వెనుకకు తీసికొనవలసిన మాట ఏది? బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి మొదట సహోదరుని యొద్దకు వెళ్లుమని ప్రభువే సెలవిచ్చెను. అర్పణము వేచియుండును; తుప్పు వేచియుండదు.

ప్రార్థన: ప్రభువా, పైపూతతో తృప్తిపడు మా హృదయములను శోధించుము. మరుగైన తుప్పును వెలుగులోనికి తెమ్ము. తిరిగి ఇచ్చుటకు ధైర్యమును, క్షమించుటకు కృపను మాకు దయచేయుము. ఆమేన్.