శిశునిద్ర

హిందూపురము నుండి ధర్మవరమునకు పోవు పాసింజరు బండిలో, ఒకనాటి మధ్యాహ్నము, నా యెదుట ఒక తల్లి యొడిలో రెండేండ్ల పాప నిద్రించుచుండెను. పెనుకొండలో బండి యాగినప్పుడు శనగకాయలమ్మువారి కేకలుగాని, దిగువారి తొక్కిసలాటగాని, కూతగాని ఆ నిద్రను కదల్పలేకపోయెను. కాని తల్లి నీళ్లకై దిగబోవుచు, “రవ్వంత పట్టుకో అక్కా” అని బిడ్డను ప్రక్కనున్న యామె చేతికందించినంతనే, పాప కన్నులు విప్పి కెవ్వుమనెను.

ధర్మవరమున ఒక నేతగాని యింట దీనికి జోడైన దృశ్యమును చూచితిని. తండ్రి గుంతమగ్గమున కూర్చుండి నాడె ఆడించుచుండగా, దూలమునకు వ్రేలాడు పాతచీర ఉయ్యాలలో పసివాడు హాయిగా నిద్రించుచుండెను. పోగు తెగి మగ్గము నిలిచినప్పుడు మాత్రము కదలి మూల్గెను. మగ్గపు సవ్వడి మనకు చప్పుడు, వానికది నాయన యున్నాడను ధైర్యము.

ఈ నిద్రలను చూచినప్పుడు ఉపనిషత్తుల మాటలు గుర్తుకు వచ్చెను. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు సుషుప్తిని, అనగా గాఢనిద్రను, బోధించుచు, దారమునకు కట్టబడిన పక్షి దిక్కుదిక్కులకెగిరి, ఎచ్చటను నిలువు దొరకక, తుదకు తన కట్టుచోటికే చేరునట్లు, మనస్సు ప్రాణమును చేరునని చెప్పెను. బృహదారణ్యకోపనిషత్తున కాశీరాజైన అజాతశత్రువు గాఢనిద్రాసుఖమునకు చూపిన ఉపమానములలో మొదటిది శిశువే. అయినను ఆ యుపనిషత్తే వేరొకచోట, సుషుప్తియందు పితృత్వ మాతృత్వములు సైతము తొలగిపోవునని చెప్పుచున్నది. బంధములన్నియు తొలగుచోటికి పోవు శిశువునకు తల్లి యొడి యేల కావలసివచ్చెను?

నాకు తోచిన సమాధానమిది. నిద్రించుట యన్నచో తన్ను తాను విడుచుట. తాను తన్ను కాచుకొనజాలని వేళ కాచువారొకరున్నారను నమ్మకము లేనిదే యెవ్వరును తమ్ము విడువజాలరు. కావున ఈ బంధము బంధరహితస్థితికి అడ్డుగోడ కాదు, వాకిలి. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన నివేదికలో జాన్ బౌల్బీ యను ఆంగ్ల వైద్యుడు, శిశువునకు తల్లితోనో తల్లివంటివారితోనో ఎడతెగని ఆత్మీయబంధము మానసికారోగ్యమునకు ఆవశ్యకమని వ్రాసినది ఈ సత్యమునకు దూరమైనది కాదు. “బూచాడు వచ్చును, పండుకో” అని బెదరించినచో కన్నులు మూతపడును గాని మనస్సు కావలి కాయుచునే యుండును.

అట్లని రాత్రివేళ లేచి యేడ్చు ప్రతి శిశువును తల్లి లోపమునకు సాక్షిగా నిలుపుట అన్యాయము. ఆకలి, జ్వరము, వచ్చుచున్న పన్ను, ఇవియు బిడ్డను లేపును. ప్రేమకు కొరతలేని యిండ్లలోను పిల్లలు లేతురు. పిలిచినప్పుడు పలుకువారుండుటయే ప్రధానము.

నిద్రించువారియందు మేల్కొనియుండు పురుషుని కఠోపనిషత్తు చెప్పుచున్నది. ఆ మాటను మనము పెద్దవారమైన పిదప చదువుదుము. కాని దాని యర్థము, మాటలు రాని నాడే, మనకొరకు మేల్కొనియున్న యొక చేతి స్పర్శవలన మనకు తెలిసియున్నది. పెనుకొండలో నీళ్లతో తిరిగివచ్చిన ఆ తల్లి పాపను భుజమున వేసికొని వీపు తట్టెను. బండి కదలకమునుపే పాప నిద్రించెను.