చూపు – ఒప్పుకోలు

సత్యమును కనుగొనుట కష్టము. కనుగొన్న సత్యము తన పూర్వాభిప్రాయమునకు విరుద్ధముగా నున్నప్పుడు దానిని అంగీకరించుట అంతకంటె కష్టము. మొదటిదానికి బుద్ధి చాలును; రెండవదానికి శీలము కావలెను. ఈ రెంటికిని గల భేదమును గ్రహించుటకు నీతిగ్రంథములనే వెదుకనక్కరలేదు. పొరుగు గెలాక్సీలను గూర్చి ఖగోళశాస్త్రజ్ఞుల నడుమ జరిగిన వాదము దానికి చక్కని నిదర్శనము.

కార్తిక మాసమున వెన్నెల లేని రాత్రి, విద్యుద్దీపముల కాంతి సోకని పల్లెపట్టున నిలిచి చూచువానికి ఉత్తరాభాద్ర నక్షత్రపు రెండు తారలు స్పష్టముగా కానవచ్చును. వానిలో ఉత్తరపు తారనుండి ఈశాన్యముగా కొంతదూరము చూపు సాగించినచో, నడినెత్తికి ఉత్తరమున, ఊదిన విభూతివలె పలుచని తెల్లని మచ్చ యొకటి కనబడును. పారశీక దేశపు ఖగోళవేత్త అల్ సూఫీ క్రీ.శ. 964 ప్రాంతమున దీనిని చిన్న మేఘముగా పేర్కొనెను. అది మేఘము కాదు, ఆండ్రోమెడా గెలాక్సీ. దానినుండి నేడు కంటికి చేరిన కాంతి సుమారు 25 లక్షల సంవత్సరములకు పూర్వము బయలుదేరినది. నేటి మానవజాతి అప్పటికి భూమిపై పుట్టనే లేదు. కాబట్టి చూచువాడు చూచుచున్నది దాని వర్తమానమును గాదు, గతమును.

కంటికి మచ్చగా తోచు ఇట్టి వస్తువులకు ఆకారము కలదని 19వ శతాబ్దమున తెలిసినది. ఐర్లండు దేశమున రాస్ ప్రభువు ఆరడుగుల అద్దముతో దూరదర్శినిని నిర్మించి, 1845లో ఒక నీహారికను పరిశీలించి, అది నీటిసుడివలె చుట్టలు తిరిగి యున్నదని చిత్రించెను. అట్టివి మరికొన్నియు కానవచ్చెను. అవి యేమి? పాలపుంతలోనే యున్న వాయుసమూహములా? లేక పాలపుంతకు వెలుపల, దానివంటివే యైన వేరు నక్షత్రలోకములా? మొదటిది నిజమైనచో పాలపుంతయే సమస్త సృష్టి. రెండవది నిజమైనచో అది అనేకములలో ఒకటి మాత్రమే.

1920 ఏప్రిల్ 26న అమెరికాలోని వాషింగ్టను నగరమున ఈ విషయమును గూర్చి ఇద్దరు విద్వాంసులు తమ వాదములను వినిపించిరి. హార్లో షాప్లీ యనునాయన పాలపుంతయే సర్వమనెను. హీబర్ కర్టిస్ యనునాయన సర్పిల నీహారికలు వేరు లోకములనెను. ఇందు షాప్లీ సామాన్యుడు కాడు. సూర్యుడు పాలపుంతకు కేంద్రమున లేడనియు, ఒక పక్కన దూరముగా నున్నాడనియు అంతకు కొలది కాలము ముందే నిరూపించిన ప్రజ్ఞాశాలి. మానవునకు తన నివాసమే నడుమనున్నదను అభిమానమును తొలగించినవాడే, తన పాలపుంతకు సాటి మరియొకటి కలదనిన ఒప్పుకొనలేకపోయెను. ఒక అహంకారమును జయించినవానికి వేరొకటి మిగిలియుండుట లోకమున వింతగాదు.

అయినను షాప్లీ మొండివాడనుట న్యాయము కాదు. ఆయనకు హేతువులు కలవు. 1885లో ఆండ్రోమెడాలో ఒక తార అకస్మాత్తుగా ప్రజ్వరిల్లినది. ఆ నీహారిక అంత దూరమున నున్నచో ఆ ఒక్క తార కోట్లాది సూర్యులకు సమానముగా వెలిగి యుండవలెను. అట్టి తార యుండునని అప్పటివారు ఊహింపలేదు. సూపర్‌నోవా యను మహావిస్ఫోటనము తరువాతి కాలమున తెలిసినది. రెండవ హేతువు, షాప్లీకి మిత్రుడైన వాన్ మానెన్ కొలతలు. కొన్ని సర్పిలములు కొద్ది సంవత్సరములలోనే తిరిగినట్లు ఛాయాచిత్రములలో కనబడినదని ఆయన చెప్పెను. అది నిజమైనచో అవి దూరముననుండుట అసంభవము. ఆ కొలతలు పొరపాటని పిమ్మట తేలినది. షాప్లీ మిత్రుని నమ్మెను. స్నేహము గుణమే, కాని స్నేహితుని మాటయనుటచేత కొలత నిజము కాజాలదు.

వాదము మాటలతో తీరలేదు. 1923 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్‌పై నూరంగుళముల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాకు ఛాయాచిత్రము తీసెను. అందొక తారను మొదట నవతారగా భావించి గుర్తు పెట్టెను. పాత ఫలకములతో సరిపోల్చి చూడగా అది క్రమము తప్పక వెలుగు పెరిగి తరుగు సెఫీడ్ తార యని తెలిసెను. ఫలకముపై తాను వ్రాసిన గుర్తును తానే కొట్టివేసి వేరొకటి వ్రాసెను. ఆ కొట్టివేత నేటికిని ఆ ఫలకముపై నిలిచి యున్నది. సెఫీడ్ తార ఎన్ని దినములకొకసారి వెలుగు మారునో తెలిసినచో దాని నిజమైన కాంతి తెలియును. కాంతి తెలిసినచో దూరము తెలియును. ఆ విధమున ఆండ్రోమెడా పాలపుంతకు వెలుపలనున్నదని నిర్ణయమైనది.

ఇందలి విశేషమేమనగా, సెఫీడ్ తారలతో పాలపుంత పరిమాణమును కొలిచి ఆ కొలబద్దకు ప్రచారము తెచ్చినవాడు షాప్లీయే. తన చేతి కొలబద్దయే తన సిద్ధాంతమును కూల్చినది. 1924లో హబుల్ వ్రాసిన లేఖ అందినప్పుడు, తన విశ్వమును నాశనము చేసిన లేఖ యిదియేనని షాప్లీ పలికినట్లు అచ్చట నున్న సిసీలియా పేన్ అను శాస్త్రజ్ఞురాలు పిమ్మట తెలిపినది. మొదట ఆయన కొన్ని సందేహములు వెలిబుచ్చెను, ఆపై అంగీకరించెను. అంగీకారము మాటతో ముగియలేదు. లేవని తాను వాదించిన ఆ గెలాక్సీలనే వెదకి, 1932లో ఎడిలైడ్ ఏమ్స్‌తో కలసి 1249 గెలాక్సీల పట్టికను ప్రకటించెను. ఓటమిని ఒప్పుకొనుట ఒక మెట్టు; ఓడించిన సత్యమునకు సేవ చేయుట దానికి పై మెట్టు.

ఇక గెలిచినవారు నిర్దోషులా? కారు. కర్టిస్ పాలపుంతను అతి చిన్నదిగా నెంచి, సూర్యుని దాని నడిమికి చేరువగా నుంచెను. ఆ విషయమున షాప్లీయే సత్యమునకు దగ్గరివాడు. హబుల్ చెప్పిన దూరము సుమారు 9 లక్షల కాంతి సంవత్సరములు. నేటి లెక్కలో సగమైనను లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లాస్ ఏంజలస్ దీపములు తగ్గింపబడగా, చీకటి చిక్కనైన ఆ ఆకాశమున వాల్టర్ బాడే ఆండ్రోమెడా నడిమి తారలను విడివిడిగా చూడగలిగెను. ఆ కృషి ఫలితముగా సెఫీడ్ తారలు రెండు విధములని తేలి, 1952లో ఆ దూరము రెట్టింపైనది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. నేటి మాట రేపు మారునప్పుడు దేనిని నమ్మవలెను? అన్నియు సమానముగా అసత్యములే కదా? ఈ ఆక్షేపణ నిలువదు. దూరము మారినది గాని ఆండ్రోమెడా తిరిగి పాలపుంతలోనికి రాలేదు. పొలపు కొలతలో గజము తప్పు వచ్చినంతమాత్రమున పొలమే లేదనరాదు. సవరింపబడుట వేరు, రద్దగుట వేరు. తెలిసినంత మేరకే చెప్పుట యిందలి ధర్మము. ఆండ్రోమెడాయు పాలపుంతయు సుమారు 400 కోట్ల సంవత్సరములకు ఢీకొనుట నిశ్చయమని 2012లో చెప్పిరి. రాబోవు 1000 కోట్ల సంవత్సరములలో అట్లు జరుగుటకును జరుగకపోవుటకును సుమారు సమానావకాశమేనని 2025లో వేరొక పరిశోధకబృందము తేల్చినది. నిశ్చయమును తగ్గించి చెప్పుటయు జ్ఞానవృద్ధియే.

మరియొక ప్రశ్న మిగిలి యున్నది. ఈ కీర్తి యెవరిది? సెఫీడ్ తారల నియమమును 1912లో వెలువరించినది హెన్రియెటా లెవిట్ అను మహిళ. హార్వర్డు వేధశాలలో గంటకు 30 సెంట్ల కూలికి గాజు ఫలకములపై తారలను లెక్కించినది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. హబుల్ ఆ తారను కనుగొనుటకు రెండేండ్లు ముందు, 1921లో ఆమె మరణించినది. 1925లో స్వీడను దేశపు గణితవేత్త యొకడు ఆమెను నోబెల్ బహుమతికి సూచింపదలచి లేఖ వ్రాసెను. ఆమె లేదని అప్పుడు గాని ఆయనకు తెలియలేదు. సన్మానము ఆలస్యమైనది. ఆమె శ్రమ మాత్రము ఆలస్యము కాలేదు. అవసరమైన దినమునకు సిద్ధముగా నుండెను.

అనంతాకాశమున మానవుడు అణువని చెప్పి చింతించువారు కలరు. చిన్నతనము అవమానము కాదు; చిన్నవాడై తానే సర్వమనుకొనుట అవమానము. అంత దూరపు వెలుగును గుర్తించి, దాని దూరమును కొలిచి, కొలతలో తప్పు దొరలినప్పుడు తన వ్రాతను తానే కొట్టివేయగలిగిన జీవి అల్పుడు గాడు. ఇంటిలోగాని, సభలోగాని, పాఠశాలలోగాని తన మాట పొరపాటని తేలినవేళ ఆ కొట్టివేత గీత గీయగలవాడే నిజముగా చూడనేర్చినవాడు.