ఇరవయ్యేడో నాటి నెయ్యి

శేరు బియ్యం, అర్ధశేరు పెసరపప్పు, రెండు శేర్ల బెల్లం. పాలు బియ్యం మునిగేటంత. నెయ్యికి మాత్రం కొలత లేదు. గరిటె తిప్పుతుంటే పొంగలి గంగాళం అంచుకి అంటకుండా జారాలి, అప్పటిదాకా పోస్తూనే ఉండాలి. దించే ముందు ఏలకులు, జీడిపప్పు, గోటి చివర పట్టేంత పచ్చకర్పూరం. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న చక్కెర పొంగలి ఇది. పేరుకి చక్కెరే గానీ పడేది బెల్లం. కోనసీమలో ఓ చిన్న ఊళ్లో వేణుగోపాలస్వామి గుడికి నలభై యేళ్లుగా అర్చకుణ్ణి నేనే, వంటవాణ్ణీ నేనే.

ప్రసాదం పారెయ్యకూడదు. ఇది మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న నియమం. పదిమంది వస్తారని వండితే ముగ్గురొస్తారు. రాని ఏడుగురి వంతూ అర్చకుడి విస్తట్లోకే వస్తుంది. పొద్దున కట్టె పొంగలి, మధ్యాహ్నం పులిహోర, దధ్యోజనం, శుక్రవారమైతే చక్కెర పొంగలి. తర్వాత ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని మళ్లీ భోజనం. ఇన్నేళ్లలో ఇది ఎక్కువని నాకెప్పుడూ తోచలేదు. స్వామి తిన్నది తింటున్నాను, అందులో ఎక్కువ తక్కువలేమిటి?

ఆరేళ్ల కిందట ఓ శ్రావణ శుక్రవారం అభిషేకం పూర్తి చేసి వస్త్రం సమర్పిస్తుంటే ఒళ్లంతా చెమట్లు పట్టాయి. ఛాతీలో నొప్పి లేదు. దవడ ఎవరో లాగుతున్నట్టుంది, ఎడమ భుజం బరువెక్కింది. షుగరున్నవాళ్లకి గుండెపోటు ఇలా నొప్పి తెలియకుండా కూడా వస్తుందని తర్వాత తెలిసింది. నాకు షుగరుందని కూడా ఆ తర్వాతే తెలిసింది. మా అబ్బాయి కాకినాడ తీసుకెళ్లాడు. ఆ సాయంత్రానికి గుండె రక్తనాళంలో ఒక స్టెంటు వేశారు.

మర్నాడు నా మంచం పక్కన నిలబడ్డ డాక్టరమ్మ మా కోడలి వయసు పిల్ల. రిపోర్టు చదివి వినిపించింది. మొత్తం కొలెస్ట్రాల్ 212, ట్రైగ్లిజరైడ్లు 318, హెచ్‌డీఎల్ 31, ఎల్‌డీఎల్ 117. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. నేను 58 కిలోల మనిషిని. మాంసం ముట్టను, చుట్ట ముట్టను, ఉల్లిపాయ కూడా ఎరగను. "నాకెందుకొచ్చిందమ్మా ఇది?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వలేదు, మందలించనూ లేదు. "పంతులుగారూ, రోజుకి ఎంత ప్రసాదం తింటారండీ?" అంది. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఓ చెయ్యి అయిపోయి రెండో చెయ్యి అందుకునేసరికి నోట మాట రాలేదు.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అన్నం, బెల్లం కడుపులోకి వెళ్లాక చక్కెరలవుతాయి. ఒళ్లొంచి పనిచేసేవాడికి అవి కండల్లో ఖర్చవుతాయి. ఖర్చు కానిదాన్ని కాలేయం కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. బెల్లం మంచిదని మనవాళ్ల నమ్మకం. అందులో ఉన్నదీ చాలామటుకు చక్కెరే, ఆ చక్కెరలో సగం ఫ్రక్టోజు, దాన్ని అరాయించే పని ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగిన ఒంట్లో హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై చిక్కబడతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటే అది ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. అంటే షుగరూ గుండెజబ్బూ ఒకే గడప దాటి వస్తున్నాయి. షుగరున్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు.

సన్నగా ఉన్నాను కదా, నాకేం కాదనుకునేవాణ్ణి. పుణెలో పనిచేసే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, 2004లో లాన్సెట్ పత్రికలో తన ఫొటో పక్కన జాన్ యుడ్కిన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఫొటో వేశారు. ఎత్తుకీ బరువుకీ ఉండే నిష్పత్తి, అంటే బీఎంఐ, ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2. మనవాళ్ల ఒళ్లు అలాంటిది, సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకుంటుంది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. వాళ్లలో గుడి మెట్లెక్కనివాళ్లు ఎందరుంటారు? పండగ పూట అందరి చేతుల్లోనూ మాలాంటివాళ్లం పెట్టిన దొన్నే ఉంటుంది.

ఆసుపత్రిలో నాకు నిద్ర పట్టనివ్వనిది స్టెంటు కోసం గుచ్చిన గాటు కాదు, ఒక ప్రశ్న. స్వామి దృష్టి పడిన అన్నం మనిషికి అపకారం చేస్తుందా? చెయ్యదని మా నాన్నగారు అనేవారు. చూడటానికొచ్చిన మా పెద్ద బావగారూ అదే అన్నారు. "ప్రసాదబుద్ధితో తిన్నది ఒంటికి పట్టదురా" అన్నారు. ఆ మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేను. ఆ నమ్మకంతోనే నాలుగు తరాలు పొయ్యి ముందు మడి కట్టుకుని నిలబడ్డాయి. అయితే నాన్నగారు 58 యేళ్లకే పోయారు. తెల్లవారుజామున చెమట్లు పట్టాయన్నారు, మంచినీళ్లడిగారు, అంతే. గుండెపోటన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, పుణ్యాత్ముడు అనాయాసంగా వెళ్లిపోయాడన్నారు.

తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించవద్దని చెబుతుంది. అదొక వ్రతమంటుంది. దాన్ని తలుచుకుని కంచంలో మెతుకు మిగల్చని వంశం మాది. అదే ఉపనిషత్తు మరోచోట అన్నమనే మాటకి అర్థం చెబుతుంది. ప్రాణులు దాన్ని తింటాయి, అదీ ప్రాణుల్ని తింటుంది, అందుకే ఆ పేరట. చిన్నప్పటి నుంచీ స్వరం తప్పకుండా వల్లించాను. అందులో రెండో సగం నాకు అర్థమైంది మాత్రం ఆ మంచం మీద. ఆయుర్వేదంలో చరకుడు ప్రమేహానికి, అంటే షుగరులాంటి జబ్బుకి, కారణాలు చెబుతూ కూర్చుని ఉండే సుఖం, నిద్ర సుఖం, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లంతో చేసిన పదార్థాలు అని వరసపెట్టాడు. ఇంచుమించు మా వంటశాల సామాన్ల పట్టీ అది. పెద్దలు మనకి చెప్పలేదని ఎలా అంటాం?

అసలు జవాబు నాకు ఆండాళ్ తల్లి పాడిన తిరుప్పావైలో దొరికింది. ఏటేటా ధనుర్మాసంలో దాన్ని అనుసంధానం చేశాను, అందులో రెండు పాశురాల్ని పక్కపక్కన పెట్టి చూడాలని అప్పటిదాకా ఒక్కనాడూ తట్టలేదు. రెండో రోజు పాశురంలో గోపికలు వ్రతనియమాలు చెప్పుకుంటారు. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం అంటారు. ఇరవయ్యేడో రోజు పాశురం కూడారై. ఆనాడు ఆండాళ్ తల్లి పాలతో వండిన అన్నం కనబడనంతగా నెయ్యి పోయిస్తుంది. తింటుంటే ఆ నెయ్యి మోచేతి మీదుగా కారుతుంది. ఆ రోజు మేం 108 గిన్నెల్లో పొంగలి ఆరగింపు పెడతాం. ఊరంతా వస్తుంది.

రెండో రోజుకీ ఇరవయ్యేడో రోజుకీ మధ్య ఇరవై నాలుగు రోజులున్నాయి. తెల్లవారుజామున చన్నీటి స్నానాలు, నిద్రపోతున్న ఇంటింటి తలుపూ తట్టడాలు, ఒకరినొకరు వెంటబెట్టుకుని నడవడాలు. ఇవన్నీ అయ్యాక వచ్చిన నెయ్యి అది. అదీ ఒంటరిగా తినేది కాదు, అందరూ కూడి ఉండి తినేది. నేను చేసిందేమిటంటే ఏడాదిలో 365 రోజులూ కూడారై చేసుకున్నాను, అదీ ఒక్కణ్ణే, వంటశాల గోడకి చేరబడి. నెయ్యి తప్పు చెయ్యలేదు, స్వామి తప్పు చెయ్యలేదు. పాశురాల వరస తప్పింది నేను.

నెయ్యి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అందులో మూడింట రెండు వంతులకి దగ్గరగా సంతృప్త కొవ్వే. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలుంటాయి. వాటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ ఇచ్చారు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ గ్రాహకాల పని తగ్గి ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ నాళాల గోడల్లో చేరుతుంది. ఇప్పుడు రాత్రిపూట నేను వేసుకునే స్టాటిన్ మాత్ర ఆ గ్రాహకాల్ని పెంచుతుంది. ఈ జాతి మందుల్లో మొదటిదాన్ని జపానులో అకిరా ఎండో అనే ఆయన బూజులోంచి తీశాడు. మాత్ర వేసుకునే ముందు కళ్లకద్దుకుంటాను, మా మనవడు చూసి తనూ అద్దుకుంటాడు. ఇంకో మాట. కొలెస్ట్రాల్ అనగానే పాపమేదో అంటినట్టు ముఖం పెడతారు జనం. అది లేకపోతే కణానికి పొర నిలవదు, పిత్తం తయారు కాదు. ఎక్కువ భాగం మన ఒళ్లే చేసుకుంటుంది. మడి గట్టిగా పాటిస్తే అది అంటదనుకోవడం, మైలపడితే అంటుకుంటుందనుకోవడం రెండూ పొరపాటే. శుచి వేరు, మితం వేరు. శుచి నాకు పుట్టుకతో అబ్బింది. మితం అరవై దాటాక నేర్చుకున్నాను.

ఇదంతా ప్రారబ్ధమేనని సరిపెట్టుకోవచ్చు కదా అన్నారు కొందరు. నాన్నగారి నుంచి నాకొచ్చిన రక్తం ప్రారబ్ధమే, ఒప్పుకుంటాను. ఇవాళ గరిటెలో ఎంత తీసుకుంటానన్నది ప్రారబ్ధంలోకి ఎలా వస్తుంది? మా రామానుజ సంప్రదాయంలో జీవుడు శేషం, స్వామి శేషి. ఈ దేహం నా సొత్తు కాదు, ఆయనది. ఆయన వస్త్రం చిరిగితే ఆ రాత్రే కుట్టేవాణ్ణి, ఆయన గిన్నెకి సొట్ట పడితే పక్కూరు పంపి మాట్లు వేయించేవాణ్ణి. ఆయనదే అయిన ఈ ఒంటిని మాత్రం అన్నేళ్లూ పట్టించుకోలేదు. భక్తిలో లోపమంటూ ఉంటే అదే.

తిరిగొచ్చాక స్వామి గంగాళం జోలికి వెళ్లలేదు. ఆగమంలో ఉన్న ఆరగింపు ఆగమంలో ఉన్నట్టే జరుగుతుంది. దానికి మించి వండే రాశి మాత్రం తగ్గించాను. దొన్నెల బదులు చేతిలో పెడుతున్నాను. శుక్రవారం సాయంత్రాలు ఉడికించిన శనగలు ఎక్కువ చేస్తున్నాను, అదీ స్వామికి ఇష్టమైన నైవేద్యమే. నా భోజనంలో అన్నం సగమైంది, కూర రెండింతలైంది. పొద్దున్నే కాలవ గట్టున నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. నాలుగు నెలలకి ట్రైగ్లిజరైడ్లు 164కి దిగాయి, హెచ్‌బీఏ1సీ 6.9కి వచ్చింది. మందు మానలేదు, మానను.

ఆ ఏడు ధనుర్మాసంలో ఒకావిడ వరసలో నా ముందుకొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. వరిచేలల్లో పనిచేసే మనిషి, ఏ ఒక్కరోజూ గుడి తప్పేది కాదు. "వద్దండీ అయ్యగారూ, షుగరొచ్చిందండీ" అంది. వెనకున్నవాళ్లు వింటున్నారని గొంతు తగ్గించి, "తీసుకోపోతే స్వామికి కోపం వత్తాదాండీ?" అంది. కళ్లనిండా నీళ్లు. ఆ ప్రశ్న నేను ఆసుపత్రిలో అడుక్కున్నదే. గిన్నెలోంచి శనగగింజంత తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. "ఇంతే అమ్మా ప్రసాదమంటే. మిగతాదంతా భోజనం. భోజనం డాక్టరుగారు చెప్పినట్టు చెయ్యండి" అన్నాను. చాలాసేపు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

మొన్న కూడారై నాడు గుడి మండపం నిండిపోయింది. 108 గిన్నెల మీదా నెయ్యి తేలుతోంది, పచ్చకర్పూరం వాసన ధ్వజస్తంభం దాకా వచ్చింది. పాశురం చదువుతుంటే ఎప్పటిలాగే గొంతు పూడుకుపోయింది. అందరికీ పెట్టాక నా వంతు తులసాకు మీద పట్టేంత తీసుకున్నాను. నెయ్యి వేలి మొదటి కణుపు దాకా జారింది.