ఒకసారి బాగుచేస్తే బాధ్యత తీరిపోతుందా?



మీ పొరుగింటి చూరు నీళ్లు మీ గోడమీద పడుతున్నాయనుకోండి. గోడ నాని పెచ్చులూడింది. మీరు వెళ్లి అడిగారు. పొరుగాయన మంచివాడే, మేస్త్రిని పిలిపించి గోడకు సిమెంటు పూత పెట్టించాడు. చూరును మాత్రం మార్చలేదు. కొన్నేళ్లకు పూత రాలిపోయింది. మళ్లీ అడిగితే, "అప్పుడే చేయించాను గదా! ఇంకా నాకేమి సంబంధం?" అన్నాడు. న్యాయం ఎవరి పక్షాన ఉంది?

ఈ ప్రశ్నే అమెరికాలో సియాటిల్ విమానాశ్రయం చుట్టూ ఉన్న ఊళ్లలో పెద్ద చర్చగా మారింది. విమానాశ్రయాన్ని నడిపేది పోర్ట్ ఆఫ్ సియాటిల్ అనే ప్రభుత్వ సంస్థ. విమానాల మోతకు నిద్ర కరువైన కుటుంబాల కోసం ఆ సంస్థ 1985లో ఒక పథకం మొదలుపెట్టి, 9,000కు పైగా ఇళ్లకు శబ్దం చొరబడని కిటికీలు, గట్టి తలుపులు పెట్టించింది. ఇది మెచ్చుకోదగిన పనే. అయితే కాలం గడిచింది. కొన్ని ఇళ్లలో రెండు అద్దాల మధ్య బిగింపు సడలి, లోపల తేమ చేరి, అద్దాలు మసకబారాయి. చట్రాలు వంగాయి. కొన్నిచోట్ల బూజు పట్టింది. 2008లో మూడవ రన్‌వే కూడా తెరుచుకుంది.

శబ్దం నీళ్లవంటిది. సందు దొరికితే చాలు, దూరి వస్తుంది. గోడలో నూరవ వంతు తెరిచి ఉంటే, మిగతా గోడ ఎంత మందంగా ఉన్నా, మొత్తం మీద శబ్దం 20 డెసిబెళ్లకు మించి తగ్గదు. కనుక కిటికీ కొంచెం సడలినా కుటుంబం పోగొట్టుకొనేది చాలా ఎక్కువ.

ఇది కేవలం సౌఖ్యానికి సంబంధించిన మాట కాదు. బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ దేశాలలో విమానాశ్రయాల దగ్గరి పాఠశాలల్లో చదివే తొమ్మిది, పదేళ్ల పిల్లలను పరిశీలించిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. విమానాల మోత పెరిగినకొద్దీ పిల్లలు చదివినదాన్ని గ్రహించే శక్తి తగ్గుతున్నదని అందులో తేలింది.

మరి మరమ్మతు ఎవరు చేయాలి? అమెరికా కేంద్ర ప్రభుత్వ నిధులు సాధారణంగా ఒక ఇంటికి ఒక్కసారే వర్తిస్తాయి. దీని వెనుక కొంత సబబు లేకపోలేదు. ప్రజాధనానికి హద్దుంటుంది. ఇంటికి రంగు వేసుకోవడం, కిటికీలు తుడుచుకోవడం, గడియకు నూనె పెట్టడం యజమాని పనే గదా! పైగా కొందరు విమానాశ్రయం ఉందని తెలిసే అక్కడ ఇల్లు కొన్నారు. ఈ మాటలను మనం తేలికగా తీసిపారేయకూడదు.

అయినా ఇక్కడ ఒక తేడాను గమనించండి. దానం వేరు, నష్టపరిహారం వేరు. దానానికి కొలత ఇచ్చేవాని ఔదార్యం. ఒకసారి ఇచ్చి ఊరుకున్నా తప్పుపట్టలేము. పరిహారానికి కొలత నష్టపోయినవాని నష్టం. చెడిన సమానత్వాన్ని తిరిగి నిలబెట్టడమే ఈ న్యాయం పని అని అరిస్టాటిల్ బోధించాడు. పునీత అక్వినాసు తోమాసుగారు కూడా పరిహారాన్ని దయాధర్మంలో చేర్చలేదు, న్యాయంలోనే చేర్చారు. నష్టం ఒకనాటిదైతే పరిహారం ఒకసారితో ముగుస్తుంది. కాని విమానం నిన్న వెళ్లింది, నేడు వెళ్తున్నది, రేపూ వెళ్తుంది. ప్రతిరోజూ కలిగే నష్టానికి ఏనాడో పెట్టిన కిటికీ, అది పనిచేసినంతకాలమే జవాబు అవుతుంది. పనిచేయని కిటికీ పరిహారం కాదు, పరిహారానికి జ్ఞాపకచిహ్నం మాత్రమే.

కనుక యజమాని అశ్రద్ధవల్ల చెడినదాన్ని యజమానే బాగుచేసుకోవాలి. వస్తువు ఆయుష్షు తీరి, లేక అమర్చడంలో లోపముండి చెడినదాన్ని మోత పుట్టించేవారు బాగుచేయాలి. 2020 తర్వాత సియాటిల్‌లో ఇలాంటి మరమ్మతుల కోసం ప్రయోగాత్మక పథకానికి పూనుకున్నారు. ఆలస్యమైనా సరైన దారి అదే.

"ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ" అనుకుంటున్నారా? ఆ దేశంలో ఇలాంటి పనులకయ్యే సొమ్ములో చాలా భాగం విమాన టిక్కెట్ల మీది పన్నులు, రుసుముల నుండే వస్తుంది. మన విచారణల బిడ్డలు ఎందరో అక్కడ చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వారి విమానం అర్ధరాత్రి దిగేటప్పుడు, క్రింద ఒక తల్లి ఉలిక్కిపడి లేచిన పసిబిడ్డను జోకొడుతూ ఉండవచ్చు. మనకు కలిగిన మేలు ఖరీదును ఆ తల్లి చెల్లిస్తున్నది. టిక్కెట్టులో నాలుగు డాలర్లు ఎక్కువైతే సణిగేముందు ఆమెను తలచుకోవడం న్యాయం.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. "ఒకసారి క్షమాపణ చెప్పాను గదా!" అంటాము, బాధపెట్టే అలవాటు మాత్రం మానము. ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరు అడిగి చూడండి: మనం ఎన్నడో పూత పెట్టి, చూరు మార్చకుండా వదిలేసిన గోడ ఎవరిది?